దసరా నాటి ఆరో బిల్లు

అలేఖ్యకు బ్యాంకులో అప్పు పుట్టలేదు. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ పిల్ల జన్మలో ఎవరి దగ్గరా అప్పు చేయలేదట, అందుకని!

కథలాపూర్‌లో జాకెట్లు కుట్టే ఇరవై మూడేళ్ల పిల్ల. సిరిసిల్లలో వీరేందర్ అనే ఆయన తన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ అమ్ముతున్నాడని తెలిసి, చూసొచ్చి, దాని మీద మనసు పారేసుకుంది. లోను కోసం కోరుట్ల బ్యాంకుకు పోతే సంగీత మేడం కంప్యూటర్‌లో వెతికి వెతికి తల అడ్డంగా ఊపింది.

"నీ పేరు మీద స్కోరే లేదమ్మా. ఇస్తే కడతవో లేదో మాకెట్ల తెలుస్తది?"

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే నాయినమ్మ అంజవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది. "కల్లు గీసిన పోశం మనుమరాలు తెల్వదా గా బ్యాంకుకు? మీ తాత ఏనాడన్న ఒకలకు రూపాయి బాకీ పడ్డడా?"

"గదే తప్పయింది నాయినమ్మా," అంది అలేఖ్య.

అయితే సంగీత మేడం ఉత్త చేతులతో పంపలేదు, దారి కూడా చెప్పింది. ఇరవై వేలు డిపాజిట్ వేస్తే దాని పూచీ మీద క్రెడిట్ కార్డు ఇస్తారు. జీతం కాగితాలు అక్కర్లేదు. నెలనెలా దారాలకో, లైనింగ్ గుడ్డకో కొంచెం వాడాలి, కార్డు మీద ఉన్నదంతా ఊడ్చేయకూడదు. కనీసం ఇంత కట్టు చాలు అని బిల్లు మీద ఊరించే చిన్న అంకెను నమ్మకుండా, గడువులోగా మొత్తం కట్టేయాలి. "ఆరు బిల్లులు తప్పకుంట కట్టి రా, అప్పుడు చూద్దాం," అంది. దీపావళి దాకా మిషన్ ఎవరికీ అమ్మనని వీరేందర్ కూడా మాటిచ్చాడు.

బుద్ధిమంతురాలు, ఐదు బిల్లులు ముందే కట్టేసింది. ఆరో బిల్లు దగ్గర వచ్చింది తంటా. బతుకమ్మ పండుగకు ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒక్కసారే జాకెట్లు గుర్తొచ్చాయి మరి! ఆ హడావిడిలో బిల్లు సంగతే మరిచిపోయింది. గడువేమో సరిగ్గా దసరా నాడు.

ఆ పొద్దున అంజవ్వ పనిముట్ల పూజకు పీట వేసింది. పోయిన తాత గీత కత్తి, చెట్టెక్కే మోకు, అలేఖ్య కత్తెర, టేపు, కార్డు అన్నీ పేర్చి బొట్లు పెట్టింది. చివరికి మనుమరాలి ఫోన్ కూడా లాక్కుంది.

"ఫోన్ల డిజైన్లు చూసే గద కుడుతవు? గదీ పనిముట్టే. రేపు పొద్దుగాల దాక ముట్టద్దు."

పది రోజులుగా నిద్రలేని పిల్లకు ప్రాణం లేచొచ్చింది. కడుపునిండా తిని పడుకుంది.

మధ్యాహ్నం బంతిపూల కింద ఫోన్ బర్రుమంది. అలేఖ్య లేచి, వంగి చూస్తే బిల్లుకు ఈరోజే ఆఖరని మెసేజ్. బ్యాంకు బంద్. డబ్బు కట్టే యాప్, సిమ్ము రెండూ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి.

"నాయినమ్మా, ఫోన్ తీసుకుంట."

"ముట్టకు! పూజల పెట్టింది."

"ఇయ్యాల బిల్లు కట్టకపోతె మిషన్ పోతది నాయినమ్మా! ఐదు నెల్ల సంది కట్టిందంత ఖరాబైతది." మాట ముగిసేలోపే ఏడుపొచ్చేసింది.

అంజవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "ఒక్కనాడు తప్పితెనే?"

"ఒక్కనాడు తప్పితెనే."

ముసలామె చూపు తాత కత్తి మీదికి పోయింది. ఫక్కున నవ్వింది.

"గిది తాడిచెట్టు లెక్కనే ఉన్నదేందే! రోజూ జెరంత గీయాలె. తప్పితె గెల ఎండుతది, కల్లు బందైతది. మీ తాత దసరనాడు గూడ పొద్దుగాల మొక్కి, మాపటికి గిదే కత్తి పట్టుకొని చెట్టెక్కేటోడు. కొబ్బరికాయ కొట్టి కత్తి చేతికిచ్చేది నేనే."

అన్నట్టే లేచి కొబ్బరికాయ కొట్టింది. "తప్పుంటె నామీదెయ్యి తల్లీ," అని దండం పెట్టి, ఫోన్ తన చేత్తోనే తీసి మనుమరాలికిచ్చింది. కుంకుమ అంటిన అలేఖ్య వేళ్లను ఫోన్ గుర్తుపట్టనంటే కొంగుతో తుడిచింది కూడా ఆమే. పద్దెనిమిది వందల నలభై రూపాయలు వెళ్లిపోయాయి. కట్టినట్టు మెసేజ్ వచ్చాక గానీ అలేఖ్య ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత నాయినమ్మ మెడ పట్టుకుని మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

దీపావళికి నాలుగు రోజుల ముందు సంగీత మేడం కంప్యూటర్‌లో అలేఖ్య పేరు పక్కన ఏడు వందలు దాటిన స్కోరు కనిపించింది. లోను వచ్చింది. సిరిసిల్ల నుంచి ట్రాలీలో మిషన్ దిగింది. వాడకట్టంతా చూడ్డానికొచ్చింది.

నెల తిరిగింది. లోను మొదటి కిస్తు రోజు తెల్లవారకముందే అంజవ్వ మనుమరాలి దుప్పటి లాగింది.

"లేవే పిల్లా, ఇయ్యాల చెట్టెక్కే రోజు."

అలేఖ్య కళ్లు తెరవకుండానే నవ్వింది. "నిన్ననే ఎక్కి దిగిన నాయినమ్మా, పండుకో."