గొంతు ఒక్కటే వచ్చింది

కొక్కినియా పేటలో మధ్యాహ్నం కునుకు తీసే వేళ చప్పుడు చేశారంటే అంతే సంగతులు, మేడల మీంచి ఆడవాళ్ళు బకెట్లు కుమ్మరిస్తారు. అందుకే ఆర్మిరా అనే పాటల బృందం పొద్దు వాలాకే సాధన మొదలుపెట్టేది. ద్రాక్షసారా పీపాల కొట్టు కింద నేలమాళిగ వాళ్ళది. అనెస్టిస్ డ్రమ్ముల మీది దుప్పటి తీసేవాడు, థ్రాసోస్ గిటార్ శ్రుతి చేసుకునేవాడు. పాటగాడు స్తమాతిస్ మాత్రం ఏనాడూ వేళకి వచ్చిన పాపాన పోలేదు.

ముగ్గురూ పెళ్ళిళ్ళలో వాయించి పొట్టపోసుకున్నవాళ్ళే. రేవులో దిగే అమెరికా నావికుల దగ్గర బ్లూస్ రికార్డులు సంపాదించి, ముల్లు అరిగేదాకా విని, ఆ ఏడుపుని తమ భాషలోకి లాక్కొచ్చారు. తర్వాత పాటలు పొడుగయ్యాయి. ఒక పాట అయ్యేసరికి వినేవాడి సిగరెట్ పెట్టె ఖాళీ! మొదటి రికార్డు బాగానే పోయింది. రెండోది సగంలో ఉండగా సైనికాధికారులు గద్దెనెక్కారు, పాటలకి కత్తెర పడింది. థ్రాసోస్ ఊరుకోలేదు. రాత్రికి రాత్రి గోడలెక్కే కరపత్రాలు తెచ్చి స్పీకర్ పెట్టెలో దాచాడు. ఆ సంగతి స్తమాతిస్‌కి తెలుసు. పోలీసులు పట్టుకుపోయింది స్తమాతిస్‌నే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మెట్ల మీద దగ్గు వినిపించింది. ఎవరూ కనిపించలేదు. మైకు దగ్గర స్తమాతిస్ గొంతు సకిలించుకుంది.

"ఆలస్యమైందిరా, తిట్టకండి."

"మిగతా మనిషేడీ?" అన్నాడు అనెస్టిస్.

"అక్కడే ఉన్నాడు. ఇంకాసేపుంటే థ్రాసోస్ పేరు చెప్పేసేలా ఉన్నాను. అందుకే నేనొక్కదాన్నే వచ్చేశాను."

"సరే, నీళ్ళక్కడున్నాయి తాగు" అని అనెస్టిస్ పుల్లలు అందుకున్నాడు.

ఆ గొంతుకి పాటకీ పాటకీ మధ్య గోరువెచ్చటి నీళ్ళు కావాలి. గ్లాసు నింపి పెడితే ఖాళీ అయ్యేది. స్టూడియోకీ అలాగే వచ్చింది. అక్కడివాళ్ళు మైకు ఎత్తు సరిచేసి పని కానిచ్చారు. గొంతు మునుపెన్నడూ అంత బాగా పాడలేదు, నిజం చెప్పాలంటే వింటుంటే భయమేసేది. రెండో రికార్డుకి ఇంక ఒక్క పాటే మిగిలింది.

అప్పుడు నేలమాళిగలోకి దిగింది ఎవాంథియ, స్తమాతిస్ అక్క. చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న ఫనూరియోస్ రొట్టె. పోయినవి చూపించే పునీతుడి పేరిట చేసి, గుడిలో దీవెన పెట్టించి, ఇంటింటికీ పంచుతుంది. తిన్నవాళ్ళు ఆ పునీతుడి తల్లి పాపాల్ని దేవుడు క్షమించాలని ప్రార్థించాలి. ఆవిడ మహా చెడ్డదట మరి.

అనెస్టిస్ ముక్క నోట్లో వేసుకుని ప్రార్థించాడు. థ్రాసోస్ తన ముక్కని రుమాల్లో చుట్టాడు.

"తినవేంరా?"

"తర్వాత తింటానక్కా."

"వాడి మాసిన బట్టలు తెచ్చానీ రోజు. చొక్కాకి మెడ దగ్గర రక్తం. సాక్సులు చూపించనా? అక్కర్లేదులే. పోలీసు ఠాణాలో ఊడ్చే మనిషి చెప్పింది, మీ తమ్ముడు ఒక్క ముక్క పలకడం లేదమ్మా, పలికితే ఆపుతారు, లేకపోతే ఈ వారం దాటడు అని. ఒరే, గొంతు లేనివాణ్ణి మాట్లాడమని కొడుతున్నారురా!"

"ఒక్క పాట మిగిలిందక్కా" అన్నాడు థ్రాసోస్.

ఎవాంథియ అతని మొహంలోకి చూసింది. "పాటా? సిగ్గులేదూ నీకు" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సిగ్గు లేకేం, బోలెడుంది. భయం దానికన్నా ఎక్కువుంది. పారిపోదామంటే తల్లిని పట్టుకెళ్తారు. కాగితాలు అప్పటికే కాల్చేశాడు, పేరుని కాల్చడం ఎలాగ? మర్నాడు పొద్దున్నే నేలమాళిగకి వచ్చాడు కానీ గిటార్ ముట్టుకోలేదు. మైకు దగ్గర గొంతు విసుగ్గా సకిలించుకుంది.

"మొదలెట్టు, ఏం చూస్తున్నావ్?"

థ్రాసోస్ రుమాలు విప్పాడు. రొట్టె గట్టిపడింది. దాల్చినచెక్క వాసన మాత్రం పోలేదు. ముక్కంతా తిని, ఆ చెడ్డ తల్లిని క్షమించమని ప్రార్థించాడు.

"వెళ్ళిపో" అన్నాడు.

"వెళ్తే చెప్పేస్తానురా. వాడికిక ఓపిక లేదు."

"చెప్పమనే అంటున్నాను. నా పేరే చెప్పు. అనెస్టిస్ పేరెత్తావో, ఊరుకోను."

గొంతు నీళ్ళు తాగింది. మెట్ల మీద దగ్గు వినిపించింది, ఆ తర్వాత వీధిలోంచి ఇంకొకటి. ఆపైన కూరగాయల బండివాడి కేకలే.

అనెస్టిస్‌ని ఊరికి పంపేశాడు థ్రాసోస్. ఇంటికెళ్ళి తల్లి చేతి చిక్కుడుగింజల పులుసు తిన్నాడు. మండుటెండలో స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడిగాడు. అరికాళ్ళ మీదే కొడతారని అందరికీ తెలుసు కనక సాక్సులూ రెండు జతలు వేసుకున్నాడు. నేలమాళిగకొచ్చి కూర్చున్నాడు. పొద్దుపోతున్న కొద్దీ అతనికి కొత్త భయం పట్టుకుంది. ఎవరూ రాకపోతే? గొంతు వెళ్ళేసరికి అక్కడ మనిషంటూ మిగలకపోతే?

ఊళ్ళో దీపాలు వెలిగే వేళకి తలుపు దడదడలాడింది.

థ్రాసోస్ శిలువ గుర్తు వేసుకున్నాడు. మొహంలో నవ్వులాంటిదేదో వచ్చింది. గబగబా మెట్లెక్కి గడియ తీశాడు. పోలీసు అతని చేయి విరిచి పట్టుకున్నాడు.

"ఏంరా, మాకోసం ముస్తాబై కూర్చున్నావా?"

"మావాడు మాట్లాడాడా?"

"మాట్లాడకేం, ఇందాకే నోరు విప్పాడు. నడు."

"మాట్లాడితే వాడికి గొంతు ఆరిపోతుందయ్యా" అన్నాడు థ్రాసోస్. "గోరువెచ్చటి నీళ్ళిచ్చారా?"