కొన్న ఇంజిన్

ఇంజిన్ పక్కగోడకి పడ్డ చిల్లులో అక్క పిడికిలి పట్టింది. చెయ్యి లోపలికంటా పెట్టి చూసి, తీసి, గుడ్డకి తుడుచుకుంది. పందెంలో కారు కొండెక్కుతుండగా కనెక్టింగ్ రాడ్ ఒకటి విరిగి, సిలిండర్లుండే బ్లాకుని పగలగొట్టుకుని బయటికొచ్చింది. పోతూ పోతూ ఒక పిస్టన్‌నీ, రెండు వాల్వుల్నీ కూడా వెంటబెట్టుకు పోయింది.

"దీన్ని బాగు చెయ్యడానికేం లేదు," అన్నాడు తమ్ముడు. "ఇంకోటి కట్టుకోవాలి. లేదా ఎవరో కట్టింది కొనుక్కోవాలి."

ఆ మాట అన్నాక నెలలు దొర్లిపోయాయి. కట్టిందీ లేదు, కొన్నదీ లేదు.

అక్క స్కూలు బస్సు నడుపుతుంది. తమ్ముడు లారీల వర్క్‌షాపులో మెకానిక్కు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే. వయసులో ఉన్నప్పుడు సరదాపడి ఒక పాత రేసు కారు కొన్నారు. పొడుగాటి ముక్కు, ఆ ముక్కు కింద వరసగా ఆరు సిలిండర్లు, వాటి పక్కన మూడు జంట కార్బురేటర్లు. ఏటా కొండదారి పందేలు జరుగుతాయి. ఒక్కో కారూ ఒంటరిగా, గడియారంతో పోటీపడుతూ పైకెక్కాలి. నడిపేది అక్క, ఇంజిన్ కట్టేది తమ్ముడు. ఇన్నేళ్ళలో ఆ ఏర్పాటు ఒక్కసారీ మారలేదు.

కట్టినా కొన్నా డబ్బు దగ్గర తేడా ఏమీ లేదు, ఎటు చూసినా జేబు ఖాళీయే. తేడా అంతా ఓపిక దగ్గరే. కట్టాలంటే పాత సామాన్ల యార్డు నుంచి తెచ్చిన ఒట్టి బ్లాకు ఒకటి షెడ్డులో ఉంది. దాన్ని కడిగించాలి, ఎక్కడైనా పగిలిందేమో చూపించాలి, సిలిండర్లు బోరు చేయించాలి, పిస్టన్లూ రాడ్లూ తెప్పించాలి, ఒక్కో బేరింగూ కొలుచుకుంటూ బిగించాలి. పగలంతా లారీల కింద పడుకునే మనిషి సాయంత్రాలు వచ్చి ఇదంతా చెయ్యాలి. కొనాలంటే పక్క ఊళ్ళో ఒక మేస్త్రి దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది. ఆయన చేసేది ఇలాంటి పాత రేసు ఇంజిన్లు కట్టడమే. పనిలో తొందరనేది ఎరగడు కాబట్టి అందరూ ఆయన్ని నిదానం అంటారు. ఎవరికోసమో ఈ ఇంజిన్ కట్టాడు. అది పూర్తయ్యేలోపు అవతలివాడు కారే అమ్మేసుకున్నాడు.

"కొన్న ఇంజిన్‌తో కొండెక్కితే అది మనం ఎక్కినట్టు ఎలా అవుతుందక్కా?"

"నా బస్సు నేనే కట్టానా ఏం? రోజూ నడపట్లేదూ?"

"పిల్లల్ని బళ్ళో దింపడమూ, కొండెక్కడమూ ఒకటేనా?"

"బస్సే కష్టంరా. కొండ వెనక సీట్లో కూర్చుని జుట్లు పీక్కోదు."

తమ్ముడు నవ్వాడు. నవ్వాడేగానీ బ్లాకు మీది గుడ్డ తియ్యలేదు. రేపు మొదలుపెడతానన్నాడు. ఆ రేపు అలా జరుగుతూనే ఉంది. అక్క రోజూ బస్సు డిపోలో పెట్టి, మోకాళ్ళు నొక్కుకుంటూ షెడ్డుకి వచ్చేది. ఇద్దరూ చెరో స్టూలు లాక్కుని ఆ బ్లాకు ముందు కాసేపు కూర్చుని, ఎవరింటికి వాళ్ళు పోయేవారు.

ఒక మధ్యాహ్నం మరదలు డిపోకి వచ్చింది. తమ్ముడి భార్య. బట్టల దుకాణంలో దర్జీ పని చేస్తుంది. మెళ్ళో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి అలాగే వచ్చేసింది. బస్సెక్కి ముందు సీట్లో కూలబడింది.

"వదినా, ఆయన చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను."

"ఏం? కొత్త పెళ్ళికొడుకనుకుంటున్నాడా?"

మరదలు నవ్వలేదు. "కుడిచేతి రెండు వేళ్ళకి స్పర్శ లేదు. ఇన్నేళ్ళూ నట్లు విప్పే ఎయిర్ గన్ పట్టుకున్నారు కదా, ఆ అదురుకి నరాలు దెబ్బతిన్నాయంట. డాక్టరు చెప్పి చాన్నాళ్ళయింది."

"నాకు చెప్పలేదే," అంది అక్క.

"నీకు తప్ప అందరికీ చెప్పారు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి వదినా. ఇంజిన్ కట్టాలి, కట్టాలి అంటూ ఊరికే మథనపడుతున్నారు. కట్టరు, కట్టనని అనరు. చూడలేక చస్తున్నాను."

ఆ ఆదివారం అక్క తమ్ముణ్ణి నిదానం దగ్గరికి లాక్కెళ్ళింది. "ఊరికే చూసొద్దాం. చూస్తే ఏం పోతుంది?" అంది. తమ్ముడు మొహం గంటు పెట్టుకునే బయల్దేరాడు.

వర్క్‌షాపు నేల తుడిచిన పళ్ళెంలా ఉంది. ఇంజిన్ ఇనుప చట్రం మీద కూర్చుని ఉంది. నిదానం నూనె చూశాడు, పెట్రోలు గొట్టం చూశాడు, మళ్ళీ నూనె చూశాడు. అప్పుడు స్టార్ట్ చేశాడు. ఆరు సిలిండర్లూ ఒక్క గొంతుతో అందుకున్నాయి. తమ్ముడు చుట్టూ తిరిగాడు, వంగి విన్నాడు, వేడెక్కాక నూనె ప్రెజర్ పడిపోతుందేమోనని మీటరు ముందు నిలబడ్డాడు. ముల్లు కదల్లేదు. ఇంజిన్ ఆపించి నూనె ఫిల్టర్ కోసి చూపించమన్నాడు. నిదానం మారు మాట్లాడకుండా కోశాడు. తమ్ముడు ఆ కాగితపు మడతలు ఒక్కోటీ విప్పి వెలుగులో పెట్టి, ఇనుప రజను మెరుస్తుందేమోనని వెతికాడు. శుభ్రంగా ఉంది. ఎక్కడా ఏ వంకా దొరక్కపోయేసరికి, "రంగు బాగాలేదు," అన్నాడు.

"మార్చుకోండి," అన్నాడు నిదానం.

తిరుగుదారిలో అక్క బండి పెట్రోలు బంకు పక్కన ఆపింది.

"కొనేద్దాంరా. నాకు ఓపిక లేదు. మళ్ళీ ఏళ్ళతరబడి ఆ షెడ్డులో నీకు లైటు పట్టుకుని నిలబడలేను. నా మోకాళ్ళు అయిపోయాయి."

తమ్ముడు ఆమె వంక తేరిపార చూశాడు. "మా ఆవిడ చెప్పిందా?"

"ఏం చెప్పింది?"

"అక్కా."

"...గుండీల సంగతి చెప్పింది."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఎవరో టైర్లకి గాలి కొట్టించుకుంటున్నారు.

"ఓసారి బేరింగు ఒకటి చేతిలోకి తీసుకున్నాను," అన్నాడు చివరికి. "దానికి నూనె రాశానో లేదో వేళ్ళకి తెలియలేదు. కళ్ళతో చూసుకోవాల్సొచ్చింది. బోల్టు ఎంత బిగిసిందో కొలత చూపే రెంచి చెబుతుంది, కాదనను. కానీ నా చేతికీ తెలియాలి కదక్కా."

"నా దగ్గరెందుకు దాచావు?"

"చెబితే కొనేద్దామంటావని."

"ఇప్పుడదే అన్నాను."

"అదే."

ఇద్దరూ నవ్వబోయారు, నవ్వు రాలేదు. తమ్ముడు సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "నాకూ ఓపిక అయిపోయిందక్కా. కట్టాలని లేదు. కట్టలేనని ఒప్పుకోవాలనీ లేదు. ఆ బ్లాకు మీది గుడ్డ తియ్యబుద్ధి కావట్లేదు."

"అయితే అదీ నిదానానికే ఇచ్చేద్దాం. పదేళ్ళలో కట్టేస్తాడు."

ఈసారి తమ్ముడికి నిజంగానే నవ్వొచ్చింది. అక్క బండి వెనక్కి తిప్పింది.

ఇంజిన్ బిగించడానికి నిదానమే వచ్చాడు. తమ్ముడు పక్కన నిలబడి గొట్టాలూ వైర్లూ అందించాడు. ఒక్క నట్టూ ముట్టుకోలేదు. మొదటి రోజు అతని మొహం చూడలేక అక్క బయటికెళ్ళి కూర్చుంది. రెండో రోజుకి వాళ్ళిద్దరూ కార్బురేటర్ల దగ్గర వాదించుకుంటున్నారు. ఆ అరుపులు విన్నాకగానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు.

పందెం రోజు వచ్చింది. మామూలుగా అయితే తమ్ముడు కింద, బయల్దేరే చోటే నిలబడి, తల వంచుకుని ఇంజిన్ వింటూ ఉండేవాడు. అది కొండ మలుపుల్లో ఎక్కడ ఎలా పలుకుతోందో తప్ప ఇంకేదీ పట్టేది కాదు. ఈసారి వినడానికి తను కట్టింది ఏమీ లేదు. ఏం చెయ్యాలో తోచక, జనంతో పాటు రొప్పుతూ మూడో మలుపు దాకా ఎక్కి గట్టు మీద కూర్చున్నాడు.

మొదటి పరుగు ముగించుకుని అక్క కిందికి వచ్చేసరికి అతను ఎదురొచ్చాడు.

"మూడో మలుపులో అంత ముందే బ్రేకు తొక్కావేం?"

అక్క హెల్మెట్ పట్టీ విప్పుతూ ఆగింది. "ఎప్పుడూ అక్కడే తొక్కుతాను."

"ఎప్పుడూనా? ఇన్నేళ్ళూనా?"

"ఆలస్యంగా తొక్కితే హడావిడిగా గేరు దించాలి. ఇంజిన్ ఒక్కసారిగా గుక్కపట్టి అరుస్తుంది. నువ్వు చేతులు కాయలు కాచేలా కూర్చుని కట్టిందాయె. నాకు చెయ్యాడేది కాదు."

"పగిలితే ఇంకోటి కట్టేవాణ్ణి కదా!"

"అందుకే."

తమ్ముడు హెల్మెట్ అందుకున్నాడు. "నువ్వు నడపడం ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదక్కా," అన్నాడు. "బాగా నడుపుతావు."

"బాగా అలిసిపోతాను కూడా. కాసిని నీళ్ళు తే."

రెండో పరుగులో ఆమె మూడో మలుపు దాకా యాక్సిలరేటర్ వదల్లేదు. కారు వెనక భాగం పక్కకి జారింది. గట్టు మీద తమ్ముడు గబుక్కున లేచి నిలబడ్డాడు. చక్రాలు కంకర ఎగజిమ్మాయి, ముక్కు తిన్నగా అయింది, కారు కనుమరుగైంది. ఇంజిన్ ఎలా పలికిందని పక్కనున్న వాడెవడో అడిగితే, తను విననే లేదని అతనికి అప్పుడు తట్టింది.

ఆ రోజు వాళ్ళకి కప్పేమీ రాలేదు. అక్క మాత్రం తన పాత టైము కంటే రెప్పపాటు ముందు పైకి చేరింది. పైన కారు ఆపాక కూడా కాసేపు స్టీరింగ్ వదల్లేదు.

తర్వాత తమ్ముడు వర్క్‌షాపులో అడిగి ఎయిర్ గన్ పని వదిలేశాడు. విడిభాగాల కౌంటర్లో కూర్చుంటున్నాడు. వేళ్ళకి స్పర్శ తిరిగి రాదన్నాడు డాక్టరు, ఇంకా పోకుండా ఉంటుందేమో అన్నాడు. ఒక సాయంత్రం అక్క ఫోన్ చేస్తే మరదలు తీసింది.

"ఇంటికొచ్చాడా?"

"ఈ మధ్య పెందలాడే వచ్చేస్తున్నారు వదినా."

"వచ్చి ఏం చేస్తున్నాడు?"

"నిద్రపోతున్నారు. లేపనా?"

"వద్దు, లేపకు," అంది అక్క.