వెనక టైరు విప్పిందెవరు

మొగుడి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారని మరిది ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి గంట కూడా కాలేదు. మామగారు బండి వెనక చక్రాన్ని వరండా మధ్యకు దొర్లించి పడేశారు. టైరు విప్పే ఇనప లీవర్లు రెండు తెచ్చి కోడలి కాళ్ళ ముందుకు విసిరారు.

విప్పమన్నారు.

ఆస్పత్రికి వెళ్ళాలంది ఆమె. ముందు ఇది తేలాలన్నారు ఆయన.

బండి ఆమెది. వెనక టైరు పోయిన ఆదివారం ఇంట్లోనే మార్చింది కూడా ఆమే. నిన్న పొద్దున మొగుడు ఆ బండి తీసుకెళ్ళాడు. పెద్దరోడ్డు మీద మంచి వేగంలో ఉండగా వెనక టైరు పేలింది. బండి అడ్డం తిరిగి లారీ కిందికి జారిపోయింది. మత్తుమందు ఇచ్చే ముందు కూడా అతను పెళ్ళాం ముఖంలోకి చూసి, నీ టైరే నా కొంప ముంచిందన్నాడు.

ఇక తేలాల్సిందేముందన్నట్టు ఆమె అన్నయ్య కుర్చీ అంచున తల దించుకుని కూర్చున్నాడు. అతన్ని సాక్ష్యానికి పిలిపించింది మామగారే. అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. ఆరేళ్ళ మనవరాలు ఆవిడ నడుము పట్టుకుని తొంగిచూస్తోంది.

"తప్పు నీదని తేలితే సంచి సర్దుకుని మీ అన్నతో వెళ్ళిపో," అన్నారు మామగారు. "పిల్ల ఇక్కడే ఉంటుంది. మొగుడి కాలు తీయించినదానికి పిల్లనెలా ఇస్తాం?"

ఆమె చక్రం ముందు గొంతుక్కూర్చుంది.

మామగారు బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు టైర్లు మార్చిన మనిషి. వీధంతా ఆయన్ని టైరు మేస్త్రి అంటారు. ఆమెది ఇంటింటికీ పార్సిళ్ళు అందించే పని. షాపులో బండి వదిలితే సగం రోజు పోతుంది. అందుకని రెండేళ్ళ కిందట నేర్పమని ఆయన్నే అడిగింది. గరిటె పట్టే చేతికి లీవరెందుకని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వారు. తనంతట తనే నేర్చుకుంది. ఇప్పటికి మూడు టైర్లు మార్చింది, ఏదీ మొరాయించలేదు. ఇది నాలుగోది.

మడమతో టైరు అంచును తొక్కి రిమ్ము నుంచి విడదీసింది. ఒక లీవరు దూర్చి, దాని పక్కనే రెండోది దూర్చి అంచును పైకి లాగింది. లీవరు జారి వేలి గోరు చిట్లింది. ట్యూబుని చంపింది చాలక టైర్నీ చంపుతోందని మామగారు అన్నయ్యకి చెప్పారు. తన కొడుకు ఈ జన్మలో ఇక బ్రేకు తొక్కలేడని కూడా చెప్పారు. ఆ మాటకి అన్నయ్య బుద్ధిగా తలాడించాడు.

ట్యూబు బయటికి వచ్చింది. వాల్వుకి జానెడు దూరంలో నోరు తెరుచుకుని ఉంది. మామగారికి చూపు సరిగా ఆనదు. వేళ్ళతో తడుముతూ పోయి, చీలిక మొదట్లో పక్కపక్కనే ఉన్న రెండు నొక్కుల్ని పట్టుకున్నారు.

లీవరు కాటు. టైరు ఎక్కించేటప్పుడు ట్యూబు లీవరు కింద పడి నలిగితే అలా అవుతుంది. సగం తెగి ఊరుకుంటుంది. నాలుగు రోజులు గాలి కూడా పట్టుకుంటుంది. ఎండలో, వేగంలో వేడెక్కిన రోజున ఒక్కసారిగా చీలిపోతుంది. ఇదంతా ఆయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు అన్నయ్యకి విడమరిచి చెప్పి, ట్యూబు అతని ఒళ్ళో పడేశారు.

"ఒప్పేసుకోవే," అన్నాడు అన్నయ్య. "కాళ్ళావేళ్ళా పడితే నెలకోసారైనా పిల్లని చూడనిస్తారు."

ఆమెకీ అనుమానం వచ్చింది. తనే చేసిందేమో. ఆ ఆదివారం పిల్ల అన్నం అన్నం అని గోల చేస్తుంటే తొందరపడిందేమో. అన్నయ్య ఒళ్ళోంచి ట్యూబు తీసుకుని, ఆ కాటు ఒకసారి కళ్ళారా చూద్దామని నేల మీద పరిచింది.

కాటు పక్క నుంచి ట్యూబు పొడవునా ఒక మడత గీత పోయింది. కాగితం మడిచి గోటితో నొక్కినట్టు ఉంది.

ఆమె ఏ ట్యూబూ చదునుగా పెట్టదు. ముందు రెండు పంపులు గాలి కొడుతుంది. అప్పుడది గుండ్రంగా లేచి, లీవరుకు అందకుండా టైరు పొట్టలోకి సర్దుకుంటుంది. అలా పెట్టినదానికి మడత పడదు.

"ట్యూబు నాదే," అంది. "పెట్టింది నేను కాదు. నా తర్వాత ఎవరో విప్పి మళ్ళీ వేశారు."

"దొంగలు టైరెత్తుకుపోతారు గానీ, విప్పి మళ్ళీ బిగించి పోతారా?" మామగారు నవ్వారు.

అన్నయ్య కూడా నవ్వబోయి, చెల్లెలి ముఖం చూసి ఆగాడు.

డిపోలో ట్యూబుకి ముందుగా గాలి కొట్టేవారా అని అడిగింది ఆమె. ఆ పని చేతకానివాళ్ళదన్నారు ఆయన. బస్సు చక్రానికి అంచున ఇనప రింగు కొట్టి మూస్తారు, ట్యూబు దాకా లీవరే పోదు, చదునుగా పెట్టి మూసేయడమే. గర్వంగా మొదలుపెట్టిన మాట సగంలో మెల్లబడింది. ఆమె చూపు ట్యూబు మీంచి ఆయన చేతుల మీదికి పోయింది.

"నా మోకాళ్ళు వంగక రెండేళ్ళయింది," అన్నారు చివరికి. "అవతలి అంచు తొక్కిపట్టేవాళ్ళు లేకుండా నేనెలా వేస్తాను? ఎవరు తొక్కారు, నువ్వా?"

ఆమె మళ్ళీ ట్యూబు మడత వైపు చూసింది. ఎవరు తొక్కారో ఆమెకి తెలియదని ఆయనకి అర్థమైంది. గొంతులోకి బలం తిరిగొచ్చింది. దాని సంచి తెచ్చి బయట పెట్టమని పెళ్ళానికి చెప్పారు.

అత్తగారు కదల్లేదు. ఆయన రెండోసారి చెప్పారు. ఆవిడ మనవరాలి వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, పిల్లని తల్లి వైపు నెట్టారు.

"కాలు లేని కొడుకుని చూడాలి, కళ్ళు ఆనని మిమ్మల్ని చూడాలి. దీన్ని పంపేసి ఈ పిల్లని కూడా నా నెత్తిన పెడతారా? నా వల్ల కాదు."

లోపలికి పొమ్మన్నారు ఆయన. ఆవిడ పోలేదు. కోడలి వైపు తిరిగారు. ఆ ముఖంలో జాలి లేదు, విసుగుంది.

"సోమవారం నువ్వు పనికెళ్ళగానే విప్పారు. ఆడది వేసిన టైర్లో తప్పు దొరక్కపోతుందా అని చూశారు. ఏమీ దొరక్క మళ్ళీ వేశారు. లీవరు వేసింది మీ మామగారు. అవతలి అంచు తొక్కిపట్టింది నీ మొగుడు."