ఢావ్లో కింద పేరు

"ఇంకో ఇరవై రోటీలు చెయ్యి, కోత మిషినోళ్లకు అన్నం సయించది," అన్నాడు మా ఆయన సురేందర్ గుమ్మంలోంచే. చెయ్యాలి మరి. మహదేవపూర్ దిక్కు వరికోతలకు పంజాబ్ నుంచి వచ్చే డ్రైవర్లకు ఏటా పొయ్యి ముందు మాడేది నేను, "మా ఇంట్ల మర్యాద గట్లుంటది" అని మీసం దువ్వేది ఆయన. అసలు ఈ గోధుమ రోటీ నేర్చుకున్నది వాళ్ల దిక్కునే. ఆయన మిలటరీలో ఉండగా అక్కడ ఒక పాత కోట ఊళ్లో మూడేళ్లు కాపురమున్నాం.

ఆ ఊరికి పేరు తెచ్చింది కోట కాదు, ఎన్నడో చనిపోయిన ఒక కవి. కూరగాయలమ్మే ఆడవాళ్లు కూడా ఆయన సమాధి దగ్గర కూర్చుని ఆయన పద్యాలు పాడతారు. వాళ్ల పంజాబీ నాకు సగం అర్థమయ్యేది. నీళ్లను వాళ్లూ పాణీ అంటారు, మా తండాలోనూ అంతే. ఇంట్లో మాత్రం "ఆ తండా మాటలు బంజెయ్, క్వార్టర్లల్ల నవ్వుతరు" అనేవాడు మా ఆయన.

అక్కడే నా బిడ్డ పుట్టి, నలభై రోజులకు జ్వరంతో పోయింది. "ఆడపిల్లే గదా, మల్ల పుడుతది," అంది మా అత్త ఫోన్‌లో. ఆయన మర్నాడే డ్యూటీకి పోయాడు. మళ్లీ పుట్టలేదు. మా తండాలో పెళ్లికూతురు అత్తింటికి పోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని పాటగా ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటాం. నా బిడ్డ అంతదాకా బతకలేదు కనుక దాని ఢావ్లో నేనే ఏడ్చాను, ఆ కవి సమాధి దగ్గర. చుట్టూ ఉన్న ఆడవాళ్లూ ఏడ్చారు. వాళ్లలో ఒక టీచరమ్మ అర్థం అడిగి పంజాబీలో రాసుకుని, ఆ సమాధి దగ్గర ఏటా జరిగే ఉర్సు ఉత్సవానికి వేసే పుస్తకంలో అచ్చు వేయించింది. రాసినవాళ్ల పేరు కావాలని అచ్చాఫీసోళ్లు పంపిన కాగితం మా ఆయనే నింపాడు. నాకు ఆ లిపి రాదు. పదమూడేళ్లుగా పుస్తకం నా చీరల కింద ఉంది. దుఃఖం ఆగనప్పుడల్లా తీసి తడుముకునేదాన్ని.

ఈ ఏడు వచ్చిన డ్రైవర్ గుర్మేల్ సింగ్‌ది ఆ కోట ఊరి పక్క ఊరేనట. తినడానికి కూర్చున్నప్పుడు పుస్తకంలో నా ఢావ్లో ఉన్న పేజీ తీసి అతని చేతికిచ్చాను. చదివాడు. ఇంకోసారి చదివాడు. కళ్లు తుడుచుకుని మా ఆయనతో, "సాబ్, ఒక తండ్రి ఇట్లా ఏడుస్తూ రాయడం నేనెక్కడా చూడలేదు," అన్నాడు హిందీలో.

"ఎవరి పేరుంది?" అన్నాను.

"సురేందర్ నాయక్," అని వేలు పెట్టి చూపించాడు.

మా ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వి, ఏదో అప్పట్లో రాశానన్నాడు అతనితో. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరి పేరైతేంది? రోటీ తే," అన్నాడు.

గుండె కోసినట్టయింది. పేరు కోసం కాదు, పేరెవరికి కావాలి. బిడ్డ కోసం ఒక్క చుక్క రాల్చని మనిషి నా ఏడుపు తనదన్నాడు. పైగా ఢావ్లో మగవాళ్లు పాడరు. తండాలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా?

"గట్లయితే పాడు," అన్నాను. "నీదే గదా. జర మొదటి చరణం పాడు."

ఆయన తలొంచుకుని రోటీ ముక్క పప్పులో ముంచుతూ కూర్చున్నాడు. నేను పొయ్యి ఆర్పి, కింద కూర్చుని, మా తండా మాటల్లో నా బిడ్డ ఢావ్లో ఎత్తుకున్నాను. దాని తరఫున అమ్మమ్మ మెడ పట్టుకుని ఏడ్చాను. మేనమామ మెడ పట్టుకుని ఏడ్చాను. ఆ తర్వాత వచ్చేది తండ్రి చరణమని ఆయనకు తెలుసు. తలెత్తి చూశాడు. నేను దాన్ని దాటేసి, గడప పట్టుకుని ఏడ్చాను.