ఉక్కత్త కూర్చున్న మధ్యాహ్నం

ఉడుకునీళ్ల తొట్టిలోంచి దుప్పటిని కర్రతో పైకి లేపి, ఆవిరి మొహానికి కొట్టకుండా తల పక్కకు తిప్పుకుని, ఆవిడ రబ్బరు తొడుగుల చేతులతో దాన్ని మెలిపెట్టి పిండింది. తొడుగుల పైన ముంజేతి నరాలు తాళ్లలా ఉబ్బాయి.

ఆసుపత్రి బట్టలుతికే గదిలో ఆవిణ్ణి అందరూ, ఉక్కులాంటి మనిషని, ఉక్కత్త అంటారు. మొగుడు కూలిపనిలో, కడుతున్న మేడ మీదనుంచి పడి చచ్చిపోయాడు. ఆ దుఃఖం ఆరకముందే కొడుకు జ్వరంతో పోయాడు. మిగిలిన ఆడపిల్లని పెంచి ఓ ఇంటిదాన్ని చేసింది. కష్టాలే ఆవిణ్ణి రాటుదేల్చాయని జనం మెచ్చుకుంటారు. ఆ మెప్పు వల్ల ఒరిగిందల్లా, ఎవరు పనికి రాకపోయినా వాళ్ల మూట ఆవిడ నెత్తికెక్కడమే. ఒంట్లో ఎలా ఉందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రోజు, ఆ గదిలోనే పనిచేసే ఓ పిల్ల, మొగుడు పోయి ఇన్నాళ్లూ సెలవులో ఉన్నది, తిరిగి పనిలోకొచ్చింది. పట్టుకున్న ప్రతి బట్టా చేతుల్లోంచి జారిపోతోంది.

"ఉక్కత్తని చూసి నేర్చుకోమ్మా," అన్నాడు మేస్త్రీ, మంచిమాటే చెబుతున్నాననుకుని. "దెబ్బలు తిన్నకొద్దీ గట్టిపడతాం."

ఉక్కత్త తొట్టిలోంచి ఇంకో దుప్పటి పైకి లేపింది.

మధ్యాహ్నం డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ ఆ పిల్ల అడిగింది. "నిజంగా గట్టిపడతామా అత్తా?"

"లేదే తల్లీ. ఇప్పటికీ ఎవరైనా తలుపు దబదబా బాదితే నా గుండె జారిపోతుంది. ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారని ఏడవలేదు, అంతే. దానికి వీళ్లు గట్టితనమని పేరు పెట్టారు."

"మరెలా నెట్టుకొచ్చావు?"

"ఎదురింటావిడ ఉండేది. నోరు మంచిది కాదు, వీధివీధంతా తిట్టిపోసేది. కానీ రోజూ నా పిల్లకి జడేసి, ఇంత తినిపించి బడికి తోలేది. నన్ను నిలబెట్టింది ఆవిడే. దెబ్బలు కాదు." పిల్ల చేతిలోని బకెట్టు లాక్కుంది. "పోయి ఆ నీడన కూర్చుని తనివితీరా ఏడువు. ఇవి నేను చూసుకుంటా."

పిల్ల ఏడ్చి, మొహం తుడుచుకుని వచ్చేసరికి ఉక్కత్త గోడకు చేరగిలబడి నిలుచుంది.

"నాకూ కాసేపు కూర్చోవాలనుందమ్మాయ్," అంది, అడక్కూడనిదేదో అడిగినట్టు సిగ్గుపడుతూ.

"కూర్చో అత్తా. మిగిలినవి నేను ఆరేస్తా."

పిల్ల చప్పుడు కాకుండా ఒక్కొక్కటే దులిపి తీగ మీద వేసింది. అన్నీ అయ్యాక వచ్చి పిలిచింది. భుజం మీద చెయ్యి వేస్తే తల పక్కకు వాలిపోయింది. ఉక్కత్త లేవలేదు.

మేస్త్రీ పరుగున పైకొచ్చాడు. "పొద్దున బాగానే ఉంది కదా," అన్నాడు నమ్మలేక.

"బాగుందో లేదో ఎవరడిగారు?" అంది పిల్ల.

ఆవిణ్ణి కిందికి తీసుకెళ్లాక డాబా ఖాళీ అయింది. పిట్టగోడ మీద ఆవిడ విప్పి పెట్టిన రబ్బరు తొడుగులు ఎండకు ఆరుతున్నాయి, వేళ్లు ఇంకా సగం ముడుచుకునే.