నలభై ఒకటంటే రేకే

హనుమకొండలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే సారంగపాణికి చుట్టుపక్కల ఊళ్లలో ఇంకో పేరు కూడా ఉంది, పోయిన బంగారం వెతికిచ్చే మనిషి అని. ఆరేళ్ల కిందట ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాడు. పొలంలో ఉంగరం జారినా, దొడ్లో కమ్మ పడిపోయినా కబురు చేస్తే వెళ్లి వెతికిపెట్టేవాడు. ఆ మిషన్ తెర మీద కనబడే అంకెలన్నీ అతనికి కంఠతా వచ్చు. అరవై దగ్గర పడితే చిన్న బంగారం. నలభై దగ్గరైతే రేకు, అంటే గుట్కా ప్యాకెట్టో మందుబిళ్లల అట్టో. అటువంటి చోట తవ్వడం దండగ.

మొన్న దసరాకు వేరే కంపెనీ మిషన్ కొన్నాడు. దాంతోపాటు వచ్చిన పుస్తకం తెరవనైనా లేదు. అంకెలు అంకెలే కదా అనుకున్నాడు.

నర్సంపేట అవతల ఎల్లస్వామి పత్తిచేనుకు ఆ కొత్త మిషన్ తీసుకునే వెళ్లాడు. పత్తి ఏరుతుంటే ఎల్లస్వామి భార్య పూలమ్మ పసుపుతాడు తెగింది. రెండు పుస్తెల్లో ఒకటి రవికెలో చిక్కుకుని మిగిలింది, రెండోది చేలో ఎక్కడో పడిపోయింది. కూలీలందరూ ఒక రోజంతా వెతికినా దొరకలేదు.

పూలమ్మ మిగిలిన పుస్తెను అరచేతిలో పెట్టుకుని ఎదురొచ్చింది. "అన్నా, ఇది దాని జత. జర దీని మీద పెట్టి చూడు, నీ మిషన్‌కు ఆనవాలు తెలుస్తది."

"అక్కర్లేదమ్మా. ఆరేండ్ల సంది ఇదే పని చేస్తున్న," అని నవ్వాడు సారంగపాణి.

పూలమ్మ ఏరిన సాళ్లన్నీ రెండుసార్లు తిరిగాడు. నాలుగైదు చోట్ల నలభై ఒకటి పడింది. రేకులే అనుకుని దాటిపోయాడు. అరవై మాత్రం ఎక్కడా పడలేదు. ఎండ ముదిరింది. గట్టు మీద ఎనిమిది మంది ఆడవాళ్లు అతని నోటి వైపే చూస్తున్నారు. దొరకలేదని చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ కొత్త మిషన్ పేరు పోతుందనిపించింది.

"చేన్ల ఉంటే నా మిషన్ చెప్పకపోదు. ఈడ లేదు. ఎవరో తీసి ఉంటరు," అన్నాడు.

అందరి చూపూ రాజక్క మీదికి తిరిగింది. ఆ రోజు పూలమ్మ పక్క సాలులో ఏరింది ఆమే. యాభై ఏళ్ల మనిషి. నడుముకు కట్టుకున్న పత్తి ఒడి విప్పి, అందరి ముందూ దులిపి చూపించి, మారుమాట లేకుండా వెళ్లిపోయింది. సారంగపాణి అది చూశాడు. చూసి కూడా మిషన్ సంచిలో పెట్టుకుని బండెక్కాడు.

తొమ్మిది రోజుల తర్వాత అతని భార్య అరుణ చెవికమ్మ మంచం కింద పడింది. కొత్త మిషన్ పెట్టి చూశాడు. నలభై ఒకటి పడింది. చెయ్యి పెడితే కమ్మే. పాత మిషన్ తెచ్చి అదే కమ్మ మీద పెట్టాడు. అరవై చూపింది. రెండోసారి, మూడోసారి చూశాడు. అవే అంకెలు. ఒక్కో కంపెనీ మిషన్‌కు అంకెలు వేరని అప్పుడు తెలిసింది.

"ఏమైంది?" అంది అరుణ.

అతను చేలో అన్న మాటతో సహా మొత్తం చెప్పాడు. "ఆ రాజక్క కూలికి పోతాందో లేదో," అంది అరుణ.

ఆ పూటే బయలుదేరాడు. చేనుగట్టు మీద మొదట పూలమ్మ చేతిలోని పుస్తె మీద మిషన్ పెట్టాడు. నలభై ఒకటి. తర్వాత నలభై ఒకటి పడిన ప్రతిచోటా తవ్వాడు. మొదట గుట్కా ప్యాకెట్, తర్వాత మందుబిళ్లల అట్ట, మళ్లీ ప్యాకెట్. నాలుగోచోట రెండు వేళ్ల లోతున మట్టిలో పుస్తె దొరికింది. పూలమ్మ దాన్ని కళ్లకద్దుకుని ఏడ్చింది.

"పనైపాయె గదన్నా, చాయ్ తాగి పో," అన్నాడు ఎల్లస్వామి.

"రాజక్క ఇల్లెక్కడ?"

"ఆమెకు మేమే చెప్తం తియ్యే."

"అన్నది నేను," అన్నాడు సారంగపాణి.

రాజక్క వాకిట్లో కందులు చెరుగుతోంది. పుస్తె దొరికిందనీ, తప్పు తనదేననీ అతను చెబుతుంటే చేట ఆపలేదు. అంతా విని తలెత్తింది.

"ఆ మాట ఎందరి ముంగట అన్నవ్?"

"ఎనిమిది మంది."

"ఇప్పుడు ఎందరున్నరు?"

అతను తిరిగి చేనుకు నడిచాడు. సాయంత్రం పత్తి తూకానికి ఆడవాళ్లందరూ ఒకచోట చేరేదాకా నిలబడ్డాడు. రాజక్క కూడా వచ్చి దూరంగా నిలుచుంది.

"మిషన్ తప్పు కాదు," అన్నాడు. "అది ఉన్నది చూపెట్టింది. నాకే చదవరాలేదు. ఈమె జత పుస్తె ఇస్త అంటే కూడా వద్దన్న. తెల్వదని ఒప్పుకోలేక ఎవరో తీసిన్రన్న. రాజక్కకు ఏ పాపం తెల్వదు."

ఒకామె, "తొమ్మిది దినాల సంది ఎవ్వలూ ఆమెను పనికి పిలుస్తలేరు," అంది. అంటూనే తానూ పిలవలేదని గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పూలమ్మ వెళ్లి రాజక్క చేతులు పట్టుకుంది. "రేపు చేన్లకు రా అక్కా."

రాజక్క మెల్లగా చేతులు విడిపించుకుంది. "రాను చెల్లె. మిరప తోటల పని చూసుకున్న." తర్వాత సారంగపాణి వైపు తిరిగింది. "వచ్చి చెప్పినవ్, మంచిది. కానీ నీ మొఖం చూస్తే నేను ఒడి దులుపుకున్నదే యాదికొస్తాంది. పోయి రా బిడ్డా."

బిడ్డా అన్న మాటకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఇంటికి వచ్చేసరికి అరుణ గడపలోనే ఉంది. పుస్తె సంగతి అడగలేదు. "ఆమె ఏమన్నది?" అని అడిగింది.

అతను బండి స్టాండు వేసి, అక్కడే నిలబడి, రాజక్క అన్నవన్నీ ఒక్క మాట దాచకుండా చెప్పాడు.