బరకాల మీద సన్మానం

ఇలా వచ్చి నా మంచం పట్టె మీద కూర్చో, సింధూరీ. ఆ ఫోను అవతల పెట్టు. పోయిన ఏడాది మన ఊరికి జరిగిన సన్మానం సంగతి చెబుతాను.

తుఫాను వెళ్లి వారమైంది. పడిపోయిన వరిని ఎలాగో కోయించి, కనకలక్ష్మి తన రెండెకరాల కౌలు ధాన్యం రోడ్డు మీద ఆరబోసుకుంది. అసలే ఒకసారి తడిసిన గింజ. మళ్లీ తడిస్తే మొలకలొస్తాయి, మిల్లువాడు కన్నెత్తి చూడడు. మబ్బు పడితే ధాన్యం మీద కప్పడానికి రెండు టార్పాలిన్ బరకాలు మడిచి పక్కనే పెట్టుకుంది.

అంతలో పట్నంలోని బెంజ్ సర్కిల్ నుంచి ఏదో సేవా సమితి వారు నాలుగు కార్లలో దిగారు. తుఫానుకు తల వంచని ఊరు మనదట, అందుకని ఇంత లావు ఇత్తడి షీల్డు తెచ్చారు. కార్లు వెళ్లాలని ధాన్యాన్ని ఓ పక్కకు కుప్ప వేయించారు. జనం కూర్చోవడానికి ఏమీ లేదని మన ఊరి పెద్ద కృపానందమే ఆ బరకాలు లాక్కెళ్లి వాళ్లు వేయించిన వేదిక ముందు పరిచాడు. సన్మానం మనకు, కుర్చీలు వాళ్లకు!

సమితి అధ్యక్షుడు వెంకటకృష్ణారావు గారు మైకు పట్టుకుంటే వదలరు. ఆయన మన ఓర్పును పొగుడుతుండగానే తూర్పున మబ్బు కమ్మింది. కనకలక్ష్మి లేచింది.

"అయ్యా, నా బరకాలు కావాలండీ."

"కూర్చో తల్లీ. మీ ధైర్యం గురించే చెబుతున్నా. ఐదు నిమిషాలు."

"ఆ ఐదు నిమిషాలేవో వానను ఆగమనండి!"

కృపానందం కసిరాడు. "ఊరి పరువు తీయకే!"

"పరువు తడిస్తే ఆరుద్దిలే బాబాయ్. నా వడ్లు ఆరవు."

టప్పున ఓ చినుకు నా ముక్కు మీద పడింది. "లేవండర్రా!" అని మోకాళ్ల నొప్పులు మరిచి నేనే ముందు లేచాను. అందరం బరకాలు లాక్కుని పరుగెత్తాం. అవి చాలకపోతే మన వీధి శౌరమ్మ వేదిక వెనక ఫ్లెక్సీ తాళ్లు కోసేసింది. అధ్యక్షులవారి బొమ్మ నవ్వుకుంటూ ధాన్యం కుప్ప మీద పడుకుంది. గాలికి దాని కొస ఒకటే లేస్తోంది. కనకలక్ష్మి గబగబా వేదిక ఎక్కింది.

"ఆ షీల్డు మాకేగా అండీ?"

"మీకేనమ్మా," అన్నారాయన, తడిసి ముద్దవుతూ.

తెచ్చి ఆ కొస మీద పెట్టింది. లోపల ఒక్క గింజ తడవలేదు. ఈ ఏడాది కూడా ఆ షీల్డు కనకలక్ష్మి బరకాల మీదే ఉంటుంది, చూడు.

నువ్వు ఉద్యోగం వచ్చి ఆఫీసులో చేరాక ఎవరైనా పల్లెటూరి ధైర్యం గురించి మైకు పట్టుకుంటే, ఈ కథ వాళ్లకు చెప్పు. మొదలుపెట్టే ముందు ఎవరి బరకాల మీద జనాన్ని కూర్చోబెట్టారో చూసుకోమను. మరిచిపోవుగా?